ఊకలో పోయిన గింజ

మన యిండ్లలో తల్లులు బియ్యము చెరుగుట మనమందరము చూచిన పనియే. చేట ఎగురవేసినప్పుడెల్ల ఊక ముందుకు పోవును, గింజ వెనుకకు చేరును. అయితే ఎంత నేర్పుగల చేతినుండియైనను ఊకతోకూడ నాలుగు గింజలు నేల రాలకపోవు. పని తెలిసిన తల్లి చేట దించిన వెంటనే ఊకను పారబోయదు. ఒకసారి దానిలో చేయిపెట్టి చూచి, రాలిన గింజలను ఏరి తిరిగి చేటలో వేసికొనును. ఈ నెల మనము ఆలోచింపదలచిన ప్రశ్న ఈ చిన్న పనిలోనే యిమిడియున్నది. మంచిని చెడునుండి వేరుచేయు అధికారము మన చేతికి వచ్చినప్పుడు, మన పొరపాటువలన పారవేయబడిన మంచికి మనము ఎంతవరకు బాధ్యులము?

ఈనాడు ఈ అధికారము రాజులకును న్యాయాధిపతులకును మాత్రమే ఉన్నది కాదు. ఇంటర్నెట్టులో పదిమంది కూడి మాటలాడుకొను ప్రతి చోటను ఒక జల్లెడ ఉన్నది, దానిని పట్టుకొన్న చేయి ఒకటి ఉన్నది. ఆ చేయి ఎవరిదో కాదు, మనలో అనేకులదే.

జల్లెడ అవసరమా అని అడుగువారు కలరు. అవసరమే. 1978 మే 3వ తేదీన అమెరికాలో ఒక కంప్యూటరు సంస్థ ఉద్యోగి తమ యంత్రములను గూర్చిన ప్రకటనను ఆర్పానెట్ అను నాటి వలలో సుమారు 400 మందికి ఒకేసారి పంపెను. అడుగనివారికి గుంపుగా పంపిన ప్రకటనలలో అది మొదటిదని చెప్పుదురు. 1994 ఏప్రిలులో ఇద్దరు న్యాయవాదులు, అమెరికాలో స్థిరనివాసపు అనుమతి నిచ్చు లాటరీని గూర్చిన తమ ప్రకటనను యూజ్‌నెట్ అను చర్చాస్థలములో వేలాది గుంపులలో వేసిరి. ఏ గుంపు ఏ విషయము మాటలాడుకొనుచున్నదో వారు చూడలేదు. ఇట్టి చెత్తకు స్పామ్ అను పేరు వచ్చిన విధము కూడ తెలిసికొనదగినది. అది డబ్బాలలో అమ్ము ఒక మాంసపు పేరు. 1970లో వచ్చిన ఒక బ్రిటిషు టెలివిజను హాస్యనాటికలో ఆ పేరునే పదే పదే అరచి, తక్కినవారి సంభాషణ వినబడకుండ చేయుదురు. కాబట్టి స్పామ్‌లోని దోషము అబద్ధము చెప్పుట ఒక్కటియే కాదు. ఇతరుల గొంతు వినబడనీయకపోవుటయే దాని అసలు దోషము. తలుపు బార్లా తెరచియున్న చోట బిగ్గరగా అరచువారు మిగులుదురు, మెల్లగా మాటలాడువారు ముందుగా లేచిపోవుదురు. అందరిని మాటలాడనిచ్చెదమని జల్లెడను పారవేసినవాడు, నిజమునకు మృదువుగా మాటలాడువారి నోరు నొక్కినవాడగుచున్నాడు.

ఇక ఆ జల్లెడ పనిచేయు విధము చూతము. దాని వెనుక ఒక సంఘకాపరి ఉన్నాడనిన మన పాఠకులకు వింతగా ఉండవచ్చును. థామస్ బేయెస్ అను ప్రెస్బిటేరియను బోధకుడు ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ అను ఊరిలో పరిచర్య చేసి 1761లో మరణించెను. ఆయన కాగితములలో దొరికిన ఒక గణిత వ్యాసమును ఆయన స్నేహితుడును మరియొక బోధకుడునైన రిచర్డ్ ప్రైస్ రాయల్ సొసైటీకి పంపగా, అది 1763లో అచ్చుపడెను. దాని సారము ఇది: కంటికి కనబడిన గుర్తునుబట్టి, కనబడని కారణము ఎంతవరకు నిజమై యుండునో లెక్కకట్టవచ్చును, కొత్త సాక్ష్యము వచ్చినకొలది ఆ లెక్కను సవరించుకొనవలెను.

ఉదాహరణకు, 1000 చెత్త ఉత్తరములను 1000 మంచి ఉత్తరములను ఎదుట పెట్టుకొన్నామనుకొందము. లాటరీ అను మాట చెత్తలో 200 ఉత్తరములలోను, మంచివాటిలో 2 ఉత్తరములలోను కనబడినది. రేపు ఆ మాట గల ఉత్తరము వచ్చిన, అది చెత్తయగుటకు నూటికి 99 పాళ్లు అవకాశమున్నది. అమ్మమ్మ అను మాటకు లెక్క తలక్రిందులుగా రావచ్చును. ఇట్లు ఒక్కొక్క మాటకు ఒక విలువ కట్టి, అన్నిటిని కలిపి తీర్పు తీయుదురు. 2002 ఆగస్టులో పాల్ గ్రాహం అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు, చెత్త ఉత్తరములు సుమారు 4000, మంచివి సుమారు 4000 ఈ విధముగా లెక్కించి ఒక వ్యాసము వ్రాసెను. దాని తరువాత ఈ పద్ధతి ఎల్లెడల వ్యాపించినది. ఆయన లెక్కలో, మెరయు ఎరుపు రంగునకు కంప్యూటరు వాడు గుర్తు కూడ బూతుమాటలంత గట్టి సాక్ష్యముగా తేలినది. మనుష్యునికి తట్టని గుర్తును యంత్రము పట్టుకొన్నది.

అయితే ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. ఇది చెత్తయగుటకు నూటికి ఇన్ని పాళ్లు అవకాశమున్నది అని మాత్రమే గణితము చెప్పును. ఎన్ని పాళ్లు దాటిన తలుపు వేయవలెనో అది చెప్పదు. ఆ గీత గీయువాడు మనుష్యుడు. గ్రాహం ఈ సంగతి నెరిగినవాడు. అందుచేత మంచి ఉత్తరములలో కనబడిన మాటలను ఆయన రెండింతలుగా లెక్కించెను. నూటికి 90 పాళ్లు మించినగాని దేనిని చెత్తయనలేదు. చెత్త కొంత లోపలికి వచ్చినను సరే, మంచి ఉత్తరము ఒక్కటియు బయటికి పోరాదని ఆయన త్రాసును కావలెననియే ఒక ప్రక్కకు మొగ్గునట్లు చేసెను. అది గణితము కాదు, ధర్మము.

ఆ మొగ్గు లేనిచోట ఏమగునో మాకు అనుభవమే నేర్పినది. వేరువేరు ఊళ్లలోను విదేశములలోను ఉన్న తెలుగువారు కష్టసుఖములు చెప్పుకొనుటకు మేము కొందరము ఇంటర్నెట్టులో ఒక కూడలి నడుపుచున్నాము. దానికి కావలివారము ముగ్గురము. కొత్తవారి మొదటి మాట వెంటనే అందరికి కనబడదు. ఫోను నంబర్లు, డబ్బు మాట, తొందరపెట్టు మాటలు, ఒకే సంగతి మరల మరల పంపుట, ఇవన్నియు యంత్రము లెక్కించి, మితిమీరినవాటిని ఒక పెట్టెలో పడవేయును. ఆ పెట్టెను నెలకొకసారి తెరచి చూడకయే ఖాళీచేయుట మాకు అలవాటు.

ఒకనాడు వేరొక పనిమీద ఆ పెట్టె తెరువగా, పండ్రెండు దినముల క్రిందటి మాట యొకటి కనబడెను. ఒక పల్లెటూరి తల్లి వ్రాసినది. కుమారునికి మూత్రపిండముల జబ్బు. హైదరాబాదులో ఏ ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోవలెను, దగ్గరలో తలదాచుకొనుటకు చోటున్నదా అని అడిగినది. రెండు ఫోను నంబర్లు వేసినది. అర్జెంటు అని వ్రాసినది. తన మాట కనబడనందున అదే మాటను మూడుసార్లు పంపినది. మా మౌనమువలన ఆమె మరల పంపెను. మరల పంపుటయే ఆమె చెత్తయనుటకు యంత్రమునకు మరియొక సాక్ష్యమాయెను.

మేము వెంటనే ఫోను చేసితిమి. అప్పటికే ఒక బంధువు సాయముతో పిల్లవానిని ఆసుపత్రిలో చేర్చిరట. ఆ తల్లి మమ్మును ఒక్క మాట అనలేదు. "చదువుకున్నవాళ్ల చోట నాలాంటిదాని మాట ఎందుకులే అని మీరే తీసేశారనుకున్నానండీ" అని మాత్రము అన్నది. మేము క్షమాపణ చెప్పుకొంటిమి. ఆమె మరల ఎన్నడును మా కూడలిలో వ్రాయలేదు.

యంత్రము పొరపడినదని మేము ఒకరితో ఒకరము అనుకొంటిమి. అది మమ్మును మేము ఓదార్చుకొనుటయే. యంత్రము తనకు చెప్పిన పని చేసినది. ఊకను చూడకుండ పారబోసినది మేము.

ఈ సంగతిని తలపోయగా మాకు తోచినది ఇది. ఒక చెత్త ప్రకటన తప్పించుకొని లోపలికి వచ్చిన, నష్టము అందరికి తలా కొంచెము పంచబడును. అందరును దానిని చూతురు, ఎవరో యొకరు వచ్చి గట్టిగా అడుగుదురు. ఒక మంచి మాట వెలివేయబడిన, నష్టమంతయు ఒక్కరిపైననే పడును. దానిని చూచువాడును లేడు, అడుగువాడును లేడు. కావలివాని చెవికి ఫిర్యాదు ఎల్లప్పుడును ఒక్క ప్రక్కనుండియే వచ్చును. కాబట్టి వాడు దుర్మార్గుడు కాకపోయినను జల్లెడ కన్నులను వారమువారము బిగించుచు పోవును. 1996లో అమెరికా ఆన్‌లైన్ సంస్థ జల్లెడ, ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ పట్టణవాసులను చేరనీయలేదు. ఆ పట్టణపు పేరులోని కొన్ని అక్షరములు కలిసి ఒక బూతుమాట అగుటయే కారణము. అది ఊరంతటికి జరిగినది గనుక లోకమునకు తెలిసెను. ఒక్క తల్లికి జరిగినది ఎవరికి తెలియును?

గోధుమలు గురుగుల ఉపమానము మత్తయి సువార్త 13వ అధ్యాయములో మనము అనేకసార్లు చదివియున్నాము. దాసులు గురుగులను పెరికివేయుదుమా అని అడుగగా, గోధుమలు కూడ వేళ్లతో వచ్చునని యజమానుడు వారిని ఆపెను. గురుగుమొక్క వెన్ను వేయువరకు గోధుమవలెనే కనబడును. కూడలిని కోతకాలమువరకు కలుపు తీయకుండ విడిచిపెట్టుడని ఈ ఉపమానము బోధించుచున్నదని మేము అనము; అట్లు చేసిన కూడలియే మిగులదు. అయితే ఆ దాసుల ఉత్సాహమును చూచి యజమానుడు భయపడెను గదా, ఆ భయము మనకు కావలెను. పెరుకు చేతికి తన కన్ను పొరపడవచ్చునని తెలిసియుండవలెను.

కాబట్టి జల్లెడ పట్టినవారికి మూడు విధులున్నవని తలంచుచున్నాము.

మొదటిది, ఊకను చూచుట. పారవేసినవాటిని లెక్కించి, మధ్య మధ్య చేయిపెట్టి చూడవలెను. ఇంగ్లీషు వికీపీడియాలో చెడ్డ మార్పులను తీసివేయు క్లూబాట్ ఎన్‌జీ అను యంత్రమున్నది. తప్పుగా తీసివేయబడు మంచి మార్పులు ఇంతకు మించరాదని ముందుగా హద్దు పెట్టుకొని, ఆ హద్దునుబట్టియే దానికి గీత గీసిరి. 2003లో ఆరంభమైన మన తెలుగు వికీపీడియాలోను, త్రిప్పివేసిన మార్పు సాధారణముగా పుట చరిత్రలో నిలిచియుండును; ఎవరు త్రిప్పివేసిరో ఎవరైనను చూడవచ్చును.

రెండవది, చెప్పుట. కొన్ని చోట్ల ఒక పద్ధతి యున్నది: వెలివేయబడినవానికి తన మాట తన కన్నులకు కనబడుచునే యుండును, ఇతరులెవరికిని కనబడదు. తెలిపినయెడల మోసగాడు వేషము మార్చుకొని వచ్చునని దీనికి సమాధానము చెప్పుదురు. వేలకొలది ప్రకటనలు కురిపించు యంత్రము విషయములో అది న్యాయమే. యంత్రమునకు అవమానము లేదు. మనుష్యుని విషయములో అది మోసము. గోడతో మాటలాడించి, వినుచున్నామని నమ్మించుట ఎట్లు ధర్మమగును?

మూడవది, తిరిగి వచ్చు త్రోవ ఉంచుట. పొరపాటు జరిగినదని మనవి చేసికొనుటకు ఒక తలుపుండవలెను, ఆ తలుపు తట్టిన వినుటకు ఒక మనుష్యుడుండవలెను. లెక్క చెప్పుట, తెలియజేయుట, మనవి వినుట అను ఈ మూడింటినే 2018లో శాంటా క్లారా సూత్రములు అను పేరుతో కొన్ని హక్కుల సంఘములును పండితులును ప్రకటించిరి. ఐరోపా సమాఖ్య 2022లో చేసిన డిజిటల్ సేవల చట్టము కూడ, ఒకరి మాట తీసివేసినప్పుడు కారణము చెప్పవలెనని సంస్థలకు విధించుచున్నది.

ఊకలో చేయిపెట్టువారి కష్టమును మరువరాదు. ఆ చెత్తలో హింస, అసహ్యము కూడ ఉండును. అట్టివాటిని దినమెల్ల చూచి మనస్సు చెడినదని వ్యాజ్యము వేసిన పనివారికి 5 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించుటకు ఫేస్‌బుక్ సంస్థ 2020లో ఒప్పుకొనెను. మన హైదరాబాదులోను యువతీయువకులు ఈ పని చేసియున్నారు. మనము శుభ్రమైన పుటను చూచినప్పుడు, దానిని శుభ్రపరచిన కన్నులను తలంచుకొందము.

ఇప్పుడు మేము ముగ్గురము వంతులువారీగా ప్రతి సాయంకాలము ఆ పెట్టె తెరచి చూచుచున్నాము. పావుగంట పట్టును. అనేక దినములు దానిలో చెత్త తప్ప మరేమియు ఉండదు. విసుగు కలిగిన దినమున ఆ తల్లి మాట జ్ఞాపకము చేసికొందుము.

ప్రియ పాఠకులారా, మీలో కొందరు ఏదో యొక గుంపునకు కావలివారై యుందురు. ఫోనులో నలుబదిమంది బంధువుల గుంపైనను సరే. మీరు తీసివేసిన చివరి మాట ఎవరిది? ఎందుకు తీసివేసితిమని వారికి చెప్పితిరా? ఈ రాత్రి పరుండుటకు ముందు ఒకసారి ఊకలో చేయిపెట్టి చూడుడు.