జీను దించాక

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతో పంపిన పొలం పటమూ అందాయి. టెక్సస్ బండేరా దగ్గర ఇరవై ఎకరాలు, పాత కొట్టం ఒకటి, బోరు, వెనకాల గుట్టల్లోకి పోయే బాట. అల్లుడు ఉద్యోగంలోనే ఉంటాడు, నువ్వు నీ ఉద్యోగం వదిలేసి గుర్రాలు పెట్టి పిల్లలకు స్వారీ నేర్పుతావు, శని ఆదివారాల్లో వచ్చినవాళ్ళను గుట్టల మీద తిప్పుతావు. బాగుంది. మీ అమ్మ మాత్రం ఫోనులో ఏడ్చింది. ఇంత చదివి, దేశంకాని దేశం పోయి లద్దె ఎత్తుతుందా అంది. తిక్కనగారి విరాటపర్వంలో నకులుడు దామగ్రంథి అని పేరు మార్చుకుని విరాటుడి గుర్రాలను చూసుకున్నాడని గుర్తు చేశాను. పాండురాజు కొడుక్కి తక్కువ కాని పని నీ కూతురికి ఎలా తక్కువవుతుంది అన్నాను. కాస్త నెమ్మదించింది.

టెక్సస్‌లో పశువైద్యం చేసి బతికిన వాణ్ణి. గుర్రాల మీద బతికే చిన్న కుటుంబాలను వాకిట్లోంచి కాదు, కొట్టంలోంచి చూశాను. కష్టమే గానీ గౌరవమైన బతుకు. మీ బండేరాలో 1920ల నుంచీ పట్నం వాళ్ళు డబ్బిచ్చి గుర్రమెక్కడానికి వస్తూనే ఉన్నారు కాబట్టి గిరాకీ గురించి నాకు బెంగ లేదు. ఎన్ని గుర్రాలు కొనాలి, గంటకు ఎంత తీసుకోవాలి, ఇన్సూరెన్సు ఎలాంటిది కావాలి అని అడిగావు. వాటికి జవాబు చెప్పేవాళ్ళు నీకు అక్కడే దొరుకుతారు. నువ్వు అడగనిది ఒకటుంది, ఈ ఉత్తరం దాని కోసమే రాస్తున్నాను. పని చేయలేని గుర్రాన్ని ఏం చేస్తావు?

గుర్రం పాతికేళ్ళు, బాగా చూసుకుంటే ముప్పై దాకా బతుకుతుంది. పిల్లలకు నేర్పడానికి కోడెవయసు గుర్రం పనికిరాదు. పన్నెండు, పదిహేనేళ్ళు వచ్చి, లోకం చూసి, కళ్ళముందు ప్లాస్టిక్ సంచి ఎగిరినా బెదరనిది కావాలి. అది నీ దగ్గర ఎనిమిదేళ్ళో పదేళ్ళో పని చేస్తుంది. ఆ తరవాత కీళ్ళు పట్టేస్తాయి, వీపు కుంగుతుంది, పళ్ళు అరిగి ఎండుగడ్డి నమలలేక ఉండలు చుట్టి కిందికి వదిలేస్తుంది. అయినా ఇంకో అయిదారేళ్ళు బతుకుతుంది. ఆకలి ఎక్కడికీ పోదు. గడ్డి నమలలేదు కనక నానబెట్టిన మేత పెట్టాలి, దానికి ఖర్చు ఇంకా ఎక్కువ. ఆ అయిదారేళ్ళు అది ఎక్కడుండాలి, ఎవరి డబ్బుతో తినాలి అన్నది మొదటి గుర్రాన్ని కొనకముందే నువ్వూ అల్లుడూ కూర్చుని తేల్చుకోవాలి.

తేల్చుకోని వాళ్ళ గుర్రాలు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. ఈ దేశంలో మాంసం కోసం గుర్రాలను కోసే చివరి కబేళాలు 2007లో మూతపడ్డాయి. రెండు మన టెక్సస్‌లోవే. మనుషులు తినడానికి గుర్రపు మాంసం అమ్మకూడదని 1949లో ఇక్కడ చేసిన చట్టం చెల్లుతుందని కోర్టు చెప్పాక అవి ఆగిపోయాయి. మూడోది ఇలినాయిలో. దాంతో ఈ దేశపు గుర్రాలకు ఆ చావు తప్పిందని చాలామంది అనుకుంటారు. తప్పలేదు, దారి పొడుగైంది. వేలంపాటల్లో బరువు లెక్కన కొనే వాళ్ళున్నారు. కొన్నవాటిని లారీలకెక్కించి మెక్సికోకో కెనడాకో తోలుతారు. నీళ్ళు లేకుండా, తెలియని గుర్రాలతో ఒరుసుకుంటూ, ఆఖరి ప్రయాణం రోజుల తరబడి సాగుతుంది.

2011 కరువు గుర్తుందా, నువ్వప్పుడు ఇంకా ఇండియాలోనే ఉన్నావేమో. టెక్సస్ అంతటి ఎండు సంవత్సరం చూడలేదు. గడ్డి పుట్టలేదు, పక్క రాష్ట్రాల నుంచి తెప్పించుకుంటే ధర చుక్కలనంటింది. అప్పుడు నేను వైద్యం చూసే ఒక కుటుంబం, పేరు చెప్పను, తమ దగ్గరున్న ముసలి ఆడగుర్రాన్ని వేలానికి పంపింది. ఆ ఊళ్ళో సగం మంది పిల్లలు దాని వీపు మీదే స్వారీ నేర్చుకున్నారు. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారమ్మా. గుళ్ళోకి వెళ్ళినంత భక్తిగా కొట్టంలోకి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ దగ్గర లేనిది దయ కాదు, పక్కన తీసిపెట్టిన డబ్బు. పని చేసినన్నాళ్ళూ ఆ గుర్రం తెచ్చిన ప్రతి డాలరూ ఆ నెల ఖర్చులకే పోయింది. దాని ముసలితనానికంటూ ఒక్క డాలరు కూడా మిగలలేదు. మంచి మనసున్నవాళ్ళ చేత కూడా డబ్బులేమి ఎలాంటి పని చేయిస్తుందో ఆ రోజు చూశాను. అందుకే నీకు దయ గురించి కాదు, లెక్క గురించి చెబుతున్నాను.

ప్రతి స్వారీ డబ్బులోంచీ, ప్రతి పాఠం ఫీజులోంచీ కొంత వేరే ఖాతాలో వెయ్యి. అది లాభం కాదు, ఆ గుర్రం జీతం. దాని పేరే రాసుకో. పెళ్ళికో, కారుకో, ఇంటి కప్పుకో ఆ ఖాతాలో చెయ్యి పెట్టకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకోండి. ఇలా లెక్క వేస్తే నువ్వనుకున్న ఎనిమిది గుర్రాలు నాలుగో అయిదో అవుతాయి. కానీ. ఎప్పుడూ ఒకటి రెండు పని మానేసి మేస్తూ ఉంటాయన్న లెక్కతోనే కొట్టం కట్టు. నాలుగువందల యాభై కిలోల గుర్రం రోజుకు దాని బరువులో రెండు శాతం, అంటే తొమ్మిది కిలోల గడ్డి తింటుంది. ఏడాదికి మూడు టన్నుల పైమాట. మీ సున్నపురాతి గుట్టల మీద ఇరవై ఎకరాలు దాన్ని పండించలేవు, కొనాల్సిందే. వేసవిలో కోత బాగా ఉన్నప్పుడు ఏడాదికి సరిపడా కొని కప్పు కింద పెట్టు. చలికాలంలో కొందామనుకున్నవాళ్ళే ఫిబ్రవరిలో నాకు ఫోను చేసేవాళ్ళు.

దాణా గురించి ఒక మాట. మన ఊళ్ళల్లో గుర్రానికి ఉలవలు ఉడికించి పెట్టడం చూసినవాళ్ళం కనక గింజలు పెడితేనే ప్రేమ అనుకుంటాం. గుర్రం కడుపు చిన్నది, రోజంతా కొంచెం కొంచెం గడ్డి పోతుండాలి. తిన్నది వాంతి చేసుకోలేదు కాబట్టి లోపల ఏది ఇరుక్కున్నా, పులిసినా బయటికి వచ్చే దారి లేదు. గుర్రాలను చంపే జబ్బుల్లో కడుపునొప్పిదే పెద్ద చెయ్యి. కాలితో నేల గీరడం, పక్కకు తిరిగి పొట్ట చూసుకోవడం, పడుకుని దొర్లడం, లద్దె వేయకపోవడం చూశావంటే తెల్లవారేదాకా ఆగొద్దు, డాక్టర్ను పిలువు. ఆవుల దాణా మిగిలిందని పక్క రాంచ్ ఆయన ఇవ్వబోతే పుచ్చుకోకు. అందులో కలిపే మోనెన్సిన్ ఆవులకు మేలు చేస్తుంది, గుర్రం గుండెను ఆపుతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకి వస్తున్నాను. శనివారం పొద్దున్న అయిదుగురు వచ్చి నిలబడ్డారనుకో. అయిదు గుర్రాల్లో ఒకటి ముందుకాలు కాస్త కుంటుతోంది. బ్యూట్ అనే నొప్పి మందు నీ అలమారలో ఉంటుంది. పొద్దున్నే ఇస్తే మధ్యాహ్నానికి మామూలుగా నడుస్తుంది, చూసేవాళ్ళకు తెలియదు. ఆ మందుతో నొప్పి పోలేదు, నొప్పి చెప్పే నోరు మూతపడింది. ఆ కాలు మీదే రాళ్ళ బాటలో ఓ మనిషిని మోసి అది సాయంత్రానికి ఇంకా పాడవుతుంది. జబ్బుకు మందివ్వు, పనికోసం ఇవ్వకు. ఆ అయిదో మనిషికి డబ్బు వెనక్కిచ్చెయ్. అలా వెనక్కిచ్చిన డబ్బు నీ వ్యాపారానికి నష్టమని నేననుకోను.

జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కరవబోయే గుర్రాన్ని పొగరుబోతు అంటారు. నేను చూసిన పొగరుబోతుల్లో చాలావాటికి వీపు మీద పుండో, కడుపులో అల్సరో ఉండేది. జీను సరిపోకపోయినా అంతే. మనిషికి కోపం వస్తే ఎందుకని అడుగుతాం కదా, దాన్నీ అలాగే అడుగు. వారానికోసారి ప్రతి గుర్రం ఒళ్ళంతా చేత్తో తడుము. పక్కటెముకలు, భుజం వెనక, తోక మొదలు. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో డాన్ హెనెకీ 1983లో ఇచ్చిన ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కుల పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. అయిదు చుట్టుపక్కల ఉంటే ఒళ్ళు సరిగ్గా ఉన్నట్టు. రోజూ చూసే కళ్ళకు చిక్కిపోవడం కనిపించదు, చేతికి తెలుస్తుంది.

బరువు విషయం చెప్పడానికి నీకు మొహమాటం అడ్డొస్తుందని తెలుసు, మన ఇంటి పిల్లవే కదా. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో ప్రచురించిన పరిశోధనలో గుర్రం బరువులో 25, 30 శాతం మోయించేసరికి గుండె వేగం, కండరాల నొప్పి పెరిగాయి. 20 శాతం దగ్గర ఆగమన్నారు. ఆ ఇరవైలో వెస్టర్న్ జీను బరువు కూడా కలిసిందే, అదే పదిహేను, ఇరవై కిలోలు తూగుతుంది. అంటే నీ నాలుగువందల యాభై కిలోల గుర్రం మీద కూర్చునే మనిషి డెబ్బై, డెబ్బై అయిదు కిలోలు దాటకూడదు. ఈ సంగతి ఫోనులో పేరు రాసుకునేటప్పుడే అడుగు, గుర్రం పక్కన నిలబెట్టి కాదు. అంత దూరం వచ్చిన మనిషిని పదిమందిలో చిన్నబుచ్చడం కూడా పాపమే.

హెల్మెట్టు సంగతి ఇంకా కచ్చితం. కౌబాయ్ టోపీతో ఫొటో కావాలంటారు. కిందనే టోపీ పెట్టించి ఫొటో తియ్యి, ఎక్కేటప్పుడు మాత్రం ఏఎస్‌టీఎం భద్రతా ముద్ర ఉన్న హెల్మెట్టే. డాలస్ నుంచి మన చుట్టాలు పట్టుచీరల్లో వచ్చి ఒక్క రౌండే కదా అంటారు, వాళ్ళకూ ఇదే. ముందు నీ తలమీద ఉంటే అవతలివాళ్ళకు చెప్పడం తేలిక. టెక్సస్ చట్టం గుర్రాల వ్యాపారికి కొంత రక్ష ఇస్తుంది, హెచ్చరిక బోర్డు కట్టమంటుంది. కట్టు. కానీ ఆ రక్ష తెగిన జీను ఇచ్చినవాడికి లేదు, ఎక్కే మనిషి ఏపాటి స్వారీ చేయగలడో కనుక్కోనివాడికీ లేదు. ఇలాంటి చట్టం న్యాయమైనదే అని నా అభిప్రాయం.

పాఠాల గురించి నీకు నేను చెప్పేది తక్కువ, పిల్లలతో నీకు నాకంటే ఓపిక ఎక్కువ. ఒక్కటే. మొదటి కొన్ని పాఠాల్లో పిల్లలను గుర్రమెక్కించకు. ఒళ్ళు రుద్దనీ, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయనీ, తాడు పట్టుకుని నడిపించనీ. గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ సరిగ్గా ముక్కు ముందూ, సరిగ్గా తోక వెనకా కనిపించదు. అక్కడ నిలబడకూడదని పిల్లలకు ఒంటికి పట్టాలి. మనవాళ్ళలో కొందరు తల్లిదండ్రులు నెల తిరక్కుండా మా వాడు ఏ లెవెల్లో ఉన్నాడని అడుగుతారు. డబ్బు కోసం వాళ్ళకు అబద్ధపు లెవెళ్ళు కట్టి ఇవ్వకు. గుర్రం దగ్గర నెమ్మదిగా మసలడం వచ్చిందా లేదా అన్నదే చెప్పు.

పనికి పెట్టుకునే మనిషి మెక్సికో నుంచి వచ్చినవాడై ఉండొచ్చు. గుర్రాల గురించి అతనికి నీకంటే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. జీతం చెప్పిన రోజుకు ఇవ్వు, మాట మర్యాదగా ఉండనీ, భోజనం మీతో పెట్టు.

మీ ఇంటి సంగతీ ఆలోచించాను. అందరికీ సెలవున్న రోజే మీకు పని. సంక్రాంతికైనా, చుట్టాల పెళ్ళికైనా ఇద్దరూ కలిసి ఊరు దాటలేరు, పొద్దునా సాయంత్రం మేత, నీళ్ళు ఆగవు. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో కరెంటు పోయి తొట్లలో నీళ్ళు గడ్డకడితే, కాచిన నీళ్ళు బకెట్లతో మోసిన కుటుంబాలు నాకు తెలుసు. ఈ సంగతి అల్లుడికి ఇప్పుడే పూర్తిగా తెలియాలి. అతనికి ఇష్టమైతేనే దిగండి. ఒకరి ఇష్టం మీదా ఇంకొకరి భుజాల మీదా నడిచే ఇల్లు ఎక్కువకాలం నిలవడం నేను చూడలేదు.

ఆఖరి రోజు సంగతి కూడా రాసేస్తాను. లేవలేని రోజు, మేత ముట్టని రోజు వస్తుంది. అప్పుడు డాక్టర్ను పిలిచి నిద్రపుచ్చించు. నువ్వు దాని తల దగ్గర ఉండు. ఇష్టమైన పిల్లలు ముందురోజే వచ్చి చూసుకోనీ, వాళ్ళకు నిజం చెప్పు, ఎక్కడికో మంచి చోటికి పంపామని చెప్పకు. ఆ మందు పెంటోబార్బిటాల్ అయితే కళేబరాన్ని బయట వదలకూడదు, పీకి తిన్న గద్దలూ కుక్కలూ చస్తాయి. బోరుకు దూరంగా లోతుగా పూడ్పించాలి. మీ కింద రాయి ఉంది, పార దిగదు. జేసీబీ మనిషిని ముందే మాట్లాడి పెట్టుకో.

గుర్రాన్ని చూడ్డానికి వెళ్ళేటప్పుడు నన్ను పిలువు, వస్తాను. బేరం కుదిరాక కాదు, కుదరకముందు. కాళ్ళు వంచి చూడాలి, రాతి నేల మీద నడిపించి చూడాలి, మత్తుమందో నొప్పిమందో ఇచ్చి చూపిస్తున్నారేమో రక్తం పరీక్ష చేయించాలి, అంటు రక్తహీనత లేదని చూపే కాగిన్స్ పరీక్ష కాగితం అడగాలి. పటంలో గేటు పక్కన పూజకోసం గన్నేరు వేశానని రాశావు. అది ఈ వారమే తీయించు. గుప్పెడు ఆకులు చాలు గుర్రం ప్రాణం తీయడానికి, ఎండినవైనా సరే. వేళ్ళతో సహా పెకలించి, చెత్తబండి వాళ్ళకు సంచుల్లో కట్టి ఇచ్చెయ్. తగలబెట్టొద్దు, పొగ కూడా విషమే. దేవుడికి మందారాలు వేసుకో.

ఆశీర్వచనాలతో,
మీ మామయ్య