ఫొటోకు మెరుగులు దిద్దటం ఎంతవరకు ధర్మసమ్మతం?

కొన్ని నెలల క్రితం అద్దంకిలో జుమా నమాజు ముగిశాక ఒక యువకుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఊళ్ళో చిన్న ఫొటో స్టూడియో నడుపుకుంటున్నాడు. మసీదులో జనం పలచబడేదాకా ఆగి మెల్లగా అడిగాడు: "హజ్రత్! ఫొటో తీయటం గురించి ఉలమాలు చెప్పింది విన్నాను. నేను అడిగేది అది కాదు. తీసిన తర్వాత కంప్యూటర్లో చేసే పని సంగతేమిటి? నల్లగా ఉన్నవారిని తెల్లగా చేస్తాం, లావుగా ఉన్నవారిని సన్నగా చేస్తాం. జనం నాకు డబ్బులిచ్చేది దానికే. ఆ డబ్బు హలాలేనా?"

ఆ ప్రశ్న వినగానే మాకు జవాబు కంటే ముందు సిగ్గు కలిగింది. దానికి కారణం ఉంది.

అంతకు ముందు సంవత్సరం మా పరిచయస్తుల ఇంట ఒక అమ్మాయి సంబంధం మా చేతుల మీదుగా నడిచింది. అమ్మాయి తరఫువారు ఇచ్చిన ఫొటోను అబ్బాయి తరఫువారికి చేరవేసింది మేమే. మా ఇంట్లోవారు ఆ ఫొటో చూసి "ముక్కూ మొహం ఆ పిల్లవే గానీ, రంగు మాత్రం ఎవరిదోనండీ" అన్నారు. స్టూడియో ఫొటోలు అలాగే ఉంటాయిలే అని మేము కొట్టిపారేశాము. అబ్బాయి తల్లి, అక్క వచ్చారు. చాయ్ తాగారు. అమ్మాయిని పలకరించారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆ తల్లి, ఎగతాళిగా కాదు, నిజంగానే అనుమానం వచ్చి అడిగింది: "మీరు ఫొటో పంపింది పెద్దమ్మాయిదా, చిన్నమ్మాయిదా?" ఆ ఇంట్లో ఉన్నది ఒక్కతే కూతురు. ఆ మాట లోపలి గదిలోకి వినబడింది.

ఇక ఆ యువకుని ప్రశ్నకు పుస్తకం చూసి జవాబు చెప్పటానికి మాకు మనసొప్పలేదు. ముందు నీ పని చూపించు తమ్ముడూ అన్నాము. రెండు సాయంత్రాలు అతని పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాము.

ఫొటో తీయటం ధర్మసమ్మతమా కాదా అనే చర్చను ఇక్కడ ఎత్తుకోవటం లేదు. ఉపఖండపు ఉలమాల్లో చాలామంది ప్రాణుల ఫొటోలను పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు వంటి అవసరాలకే పరిమితం చేశారు. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ వంటివారు ఫొటో అనేది చేత్తో గీసిన బొమ్మ కాదనీ, పడిన నీడను పట్టి నిలపటమేననీ చెప్పి అనుమతించారు. అద్దంలో ప్రతిబింబం లాంటిదన్నమాట. ఈ ఆధారాన్నే మేము ఆ యువకునికి గుర్తు చేశాము. అద్దం చూపనిదాన్ని ఫొటో చూపటం మొదలుపెడితే, అద్దం పేరుతో వచ్చిన అనుమతి ఏమవుతుంది?

అతను నవ్వాడు. "కెమెరా మాత్రం నిజం చెబుతుందా హజ్రత్?" అంటూ హజ్‌కు దరఖాస్తు చేసుకుంటున్న ఒక పెద్దాయన ఫొటో తెరిచాడు. తెల్ల గోడ, తెల్ల లాల్చీ, తెల్ల టోపీ. ముఖం మాత్రం బొగ్గులా వచ్చింది. కెమెరా తన ముందున్నదంతా కలిపి నడిమి బూడిద రంగంత ఉంటుందని లెక్క కట్టుకుంటుందట. అంతా తెలుపే కనబడితే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, ముఖం నల్లబడుతుంది. నల్ల బురఖాలో ఉన్న మనిషిని తీస్తే దీనికి పూర్తిగా తిరగబడుతుంది. చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచుతుంది, ముఖం సున్నం కొట్టినట్లు వస్తుంది. ఎక్స్‌పోజర్ సరిచేయటం అంటే కెమెరా చేసిన ఈ పొరపాటును తీసివేయటమే.

రంగూ అంతే. ట్యూబులైటు కింద ముఖం పచ్చబారుతుంది, పాత బల్బు కింద పసుపు తిరుగుతుంది, పెళ్ళి పందిట్లో ఎర్ర గుడ్డ కింద అందరూ జ్వరం వచ్చినవాళ్ళలా ఉంటారు. మన కన్ను ఈ తేడాను సర్దుకుంటుంది, కెమెరా అంతగా సర్దుకోలేదు. ఆ పెద్దాయన టోపీ మీద మౌస్‌తో ఒక్కసారి నొక్కి, ఇది తెలుపు అని కంప్యూటరుకు చెప్పాడు. టోపీ తెల్లనయింది. ముఖం దానంతట అదే తన చామనఛాయలోకి వచ్చి కూర్చుంది. మాకు ముచ్చటేసింది. ఆ పెద్దాయనను మేము రోజూ చూస్తూనే ఉంటాము. కెమెరా ఇచ్చినదానికంటే దిద్దినదే నిజానికి దగ్గరగా ఉంది.

కాబట్టి 'ఏమీ ముట్టుకోకపోవటమే నిజాయితీ' అనే మాట నిలవదు. యంత్రానికి కూడా పక్షపాతం ఉంటుంది. ఎన్నో ఏళ్ళపాటు కొడాక్ సంస్థ రంగులు సరిచూసుకోవటానికి ల్యాబులకు పంపిన నమూనా కార్డులపై తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. వాటిని షిర్లీ కార్డులనేవారు. ఆ ముఖం బాగా వస్తే రంగు సరిగ్గా ఉన్నట్టు. నల్లని ముఖాలు ఎలా వచ్చినా అడిగినవారు చాలాకాలం లేరు.

అయితే ఆ యువకుడు అక్కడితో ఆగలేదు. అదే మీటను ఇంకో నాలుగు గీతలు జరిపాడు. పెద్దాయన తెల్లదొరలా తయారయ్యారు. చిక్కంతా ఇక్కడే ఉంది. నిజం వైపు నడిపించిన మీటే, చెయ్యి తీయకుండా ఇంకాస్త జరిపితే నిజాన్ని దాటిపోతుంది. తెరమీద ఆ సరిహద్దు దగ్గర గీత ఏదీ గీసి ఉండదు. 1994 జూన్‌లో అమెరికా పత్రిక 'టైమ్', హత్యానేరం మోపబడిన ఓ.జె. సింప్సన్ పోలీసు ఫొటోను ముఖచిత్రంగా వేస్తూ అతని ముఖాన్ని బాగా నల్లగా మార్చింది. అదే వారం 'న్యూస్‌వీక్' అదే ఫొటోను మార్చకుండా వేయటంతో తేడా లోకమంతా చూసింది. నల్లదనాన్ని నేరంలా కనబడేట్లు చేశారని ఆగ్రహం పెల్లుబికింది. మన ఇళ్ళలో అమ్మాయి ఫొటోను తెల్లగా చేసేటప్పుడూ ఇదే నమ్మకం పనిచేస్తోంది కదా! మీటను జరిపే దిక్కు మాత్రమే వేరు.

సైజు సంగతి త్వరగా చెప్పి ముగిస్తాము. పొడవు వెడల్పులను కలిపి ఉంచే చిన్న గొలుసు గుర్తు ఒకటుంటుంది. దాన్ని విడదీసి వెడల్పు ఒక్కటే తగ్గిస్తే మనిషి సన్నబడతాడు. చిన్న ఫొటోను పెద్దది చేస్తే మధ్యలో ఖాళీలను పక్క చుక్కలను బట్టి కంప్యూటరు ఊహించి నింపుతుంది. ఇప్పటి కొత్త సాఫ్ట్‌వేర్లయితే ఇంకో అడుగు వేసి, వేల ముఖాల నుంచి నేర్చుకున్న కనురెప్పలను, చర్మాన్ని తెచ్చి అతికిస్తాయి. ఆ ముఖంలో కొంత భాగం ఇక ఆ మనిషిది కాదు. పాస్‌పోర్టు ఫొటోలకు అంతర్జాతీయ ప్రమాణాలు సహజమైన చర్మపు రంగు ఉండాలని కోరేది ఊరికే కాదు.

వెయ్యేళ్ళ క్రితం బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్' మూడో భాగాన్ని కంటి పొరపాట్లకే కేటాయించారు. దూరం, వెలుతురు, వస్తువు పరిమాణం, చూసే సమయం వంటివి మితంలో ఉన్నంతవరకే కన్ను సరిగ్గా చూస్తుందనీ, వెలుతురు మరీ తగ్గినా, మరీ పెరిగినా మోసపోతుందనీ ఆయన వివరించారు. ఆ మితమే మాకు కొలబద్దగా తోచింది. మామూలు వెలుతురులో ఎదురుగా నిలబడి చూసే నిజాయితీపరుని కంటికి ఏది కనబడుతుందో, అక్కడిదాకా దిద్దవచ్చు. దాన్ని దాటితే అది గీసిన బొమ్మ అవుతుంది. ఆ బొమ్మను నమ్మి ఎవరైనా ఒక నిర్ణయం తీసుకుంటే అది అబద్ధపు సాక్ష్యం అవుతుంది.

ఆ యువకుని మామూ మిర్చి రైతు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీల ఫొటోలు గుంటూరు వ్యాపారికి పంపాలి, తాలుకాయలు కనబడకుండా కాస్త ఎరుపు పెంచమని అడిగాడట. ఫొటోనే కదా, సరుకును ముట్టుకోలేదు కదా అని అతని వాదన. మిరప పొడిలో ఎరుపు కోసం సూడాన్ రంగు కలిపితే 2005లో బ్రిటన్‌లో వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ రంగు ఒంటికి చేటు, ఫొటోలోని రంగు ఒంటికి చేటు కాదు. ఇది నిజమే. కానీ కొనేవాని జేబుకు రెండూ ఒకటే. దైవప్రవక్త (సఅసం) బజారులో ధాన్యపు రాశిలోకి చెయ్యి పెట్టినప్పుడు వేళ్ళకు తడి తగిలింది. వర్షానికి తడిసిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. మరి జనానికి కనబడేట్లు ఆ తడిని పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. యార్డులో కొనేవాడు బస్తాలోకి చెయ్యి పెట్టి చూడగలడు. ఫొటోలోకి చెయ్యి పెట్టి చూడలేడు.

పశువు పొదుగులో పాలు పిండకుండా నిలిపి, నిండుగా చూపి అమ్మటాన్ని కూడా ఆయన నిషేధించారు. ఒంగోలు గిత్తల ప్రాంతంలో ఉన్నవారికి ఇది వివరించనక్కర్లేదు. కొన్నవాడు ఆ పశువును తిప్పి ఇచ్చే పద్ధతి వివరాల్లో మన ఇమాముల మధ్య తేడా ఉంది గానీ, అది మోసమన్న విషయంలో తేడా లేదు. చూడకుండా కొన్న సరుకును చూశాక వద్దనే హక్కు హనఫీ ఫిఖహ్‌లో ఉంది. నికాహ్‌కు ఆ హక్కు వర్తించదు. టిక్కీ వెనక్కి వస్తుంది, పెళ్ళి అలా రాదు. మరి టిక్కీ ఫొటోకు ఉన్నంత నిజాయితీ అమ్మాయి ఫొటోకు లేకపోతే ఎలా?

తల్లిదండ్రుల బాధ మాకు తెలియనిది కాదు. ఒక అన్సారీ స్త్రీ వచ్చి, తన కూతురికి పెళ్ళి చేశాననీ, జబ్బు చేసి జుట్టు రాలిపోయిందనీ, వేరే జుట్టు కలపవచ్చా అనీ అడిగింది. ఆమె ఉద్దేశ్యంలో కల్మషం లేదు. కరుణామూర్తి అయిన ప్రవక్త (సఅసం) అయినా అనుమతించలేదు. మరోవైపు హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి) ఒక స్త్రీని చేసుకోదలచినప్పుడు వెళ్ళి చూడమనీ, దానివల్ల ఇద్దరి మధ్య అనురాగం నిలుస్తుందనీ చెప్పారు. చూడటం బదులు ఫొటో పంపుతున్నామంటే, ఆ చూపు చేసే పని ఫొటో చేయాలి కదా.

ఇందులో స్టూడియో వారికంటే పెద్ద తప్పు అడిగేవారిది. "అమ్మాయి తెల్లగా ఉండాలి" అని మొహమాటం లేకుండా చెప్పే నమాజీల ఇళ్ళు మాకు చాలా తెలుసు. తెల్లవానికి నల్లవానిపై ఏ ఆధిక్యతా లేదనీ, ఉన్నది దైవభీతి వల్లేననీ ప్రవక్త (సఅసం) ప్రకటించిన విషయం వారూ విన్నదే. హజ్రత్ బిలాల్ (రజి) పేరు వింటే కన్నీళ్ళు పెట్టుకుంటారు. కోడలి దగ్గరికి వచ్చేసరికి ఆ రంగు పనికిరాదు.

యువకునికి మేము చెప్పింది ఇది: కెమెరా పొరపాటు దిద్దినందుకు తీసుకునే డబ్బు నీ శ్రమకు ప్రతిఫలం, అది హలాలే. పిల్లవాని ఫొటో వెనక కొండలో, పూలతోటో పెడితే దాన్ని చూసి మోసపోయేవారు లేరు. సంబంధం కోసం, సరుకు కోసం, గుర్తింపు కోసం తీసిన ఫొటోలో మాత్రం మనిషినీ, సరుకునూ మార్చవద్దు. "పక్క స్టూడియోకి పోతారు హజ్రత్" అన్నాడు. పోతారు, కొందరు పోయారు కూడా. ఉపాధి ప్రదాత అల్లాహ్ అని చెప్పటం మాకు తేలికే, దుకాణం అద్దె కట్టవలసింది అతను. అతను ఇప్పుడు సంబంధం ఫొటోలకు దిద్దిన కాపీ పక్కన కెమెరా ఇచ్చిన అసలు కాపీని కూడా పెట్టి ఇస్తున్నాడు. రెండూ చూసి, రంగు అతిగా పెంచమన్న మాటను తామే వెనక్కి తీసుకున్నవారు ఉన్నారట.

మా బాకీ ఒకటి మిగిలిపోయింది. ఆ అమ్మాయి తండ్రిని కలిసి, చూసీ చూడనట్లు ఊరుకున్నందుకు క్షమాపణ అడిగాము. అమ్మాయికి మా ఇంట్లోవారితో కబురు పంపాము. ఆమె తిరుగు కబురు పంపింది: ఈసారి ఎవరైనా అడిగితే ఫొటో ఇవ్వవద్దు, ఇంటికి రమ్మని చెప్పండి, పగటిపూట రమ్మనండి.