బంతియు బడియు

చదువులో వెనుకబడిన బాలుని ఆటనుండి తొలగించుట న్యాయమా? చార్మినారు చెంతనున్న మొఘల్‌పురావంటి ఇఱుకు పేటలలో పదునాలుగేండ్ల వానికి మైదానమెంతటి భాగ్యమో వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టివారికి ఫుట్‌బాలును చదువును జతపఱచి నేర్పుట మేలని నేడందఱు నంగీకరింతురు. వివాదమెల్ల ఆ రెంటికిని గల సంబంధమును గూర్చియే. మార్కులు రానివాడు బంతి ముట్టరాదను నియమము పెద్దలకు మిక్కిలి ప్రియమైనది. మాకది సమ్మతము కాదు.

లెక్కలు చేసినవానికి ఆట కూలి యట! అట్లైన లెక్కలు వట్టి వెట్టిచాకిరి యని మనమే బాలునకు బోధించినట్లగును. తనకంటె మేలైన చోట నిలిచిన తోడివానికి బంతి నందించుట, రెఫరీ యీల వినినతోడనే కోపమును దిగమ్రింగుట మైదానముననే యలవడును. నీతిపద్యములు వల్లించిన పెద్దలలో నీ గుణములు గలవారెందఱు?

ఈ నగరమునకు పరదేశపు దృష్టాంతములతో పనిలేదు. 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో భారతజట్టునకు స్వర్ణపతకములు సాధించిపెట్టిన శిక్షకుడు, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున దానిని నాలుగవ స్థానమునకు చేర్చినవాడు, సయ్యద్ అబ్దుల్ రహీము, హైదరాబాదు బడిపంతులే. బలహీనమైన కాలితోనే ఆడవలెనను పోటీలను ఆయన నడపెను. చేతకాని కాలు గలవానిని వెలివేయక, ఆ కాలికే పని కల్పించెను. పాఠము రాని బాలునిపట్ల మన బడులు చేయుచున్నది దీనికి సరిగా విపరీతము.

ఆడపిల్లలయెడ నీ నియమము మఱియు క్రూరము. మార్కులు తగ్గినవను సాకు దొరికిన యింటివారు ఆమెను మరల మైదానమునకు పంపుదురా?

అయినను మైదానము బడికి ఋణపడియున్నది. రహీము శిక్షణలో నగర పోలీసుజట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆనాడు ఆట వచ్చినవానికి పోలీసు కొలువైనను దొరకెడిది. ఆటయే బ్రదుకుదెరువగు నదృష్టము వేలలో నొకనికి. ఇంగ్లండులో పదునాఱేండ్లకు వృత్తిజట్టుల శిక్షణలో చేరు బాలురకు చదువును గూడ చెప్పింతురు. వారిలో పెక్కురు ఆటగాండ్రుగ బ్రదుకజాలరని వారికి ముందే తెలియును. మన అనంతపురమున, విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, పిల్లలకు వసతి కల్పించి ఫుట్‌బాలుతోపాటు చదువును సాగించినది. బాలుని సాయంకాలములను పుచ్చుకొనినవారు వాని భవిష్యత్తునకు పూచీ వహింపవలెను గదా!

శిక్ష లేనిదే చదువుదురా యని కొందఱందురు. సాయంకాలము అయిదుగంటలకు మైదానమునుండి త్రోసివేయబడిన బాలుడు తిన్నగ పోయి పుస్తకము ముందు కూర్చుండునని నమ్మువారు ఏ తరగతిలోను అడుగిడియుండరు. వాడెక్కడికి పోవునో పేటవారిని అడిగిన చెప్పుదురు. మైదానముచెంతనే ఒక గది, ఒక దీపము, ఒక ఉపాధ్యాయుడు ఉన్నచో, ఆటకు ముందొక గంట అందఱును చదివి, పిదప అందఱును ఆడవచ్చును. వెనుకబడినవానికి గంటన్నర కావలసిన కావచ్చును. జట్టు వానికొఱకు వేచియుండుగాక.