మరల పెట్టు దరఖాస్తు - కాయకధర్మము

నల్లమాడ మొదలు ధర్మవరము, హిందూపురము వఱకు గల మన సీమలో పట్టుదారము పెక్కిండ్ల అన్నము. మల్బరి తోట పెంచు రైతు, హిందూపురము మార్కెట్టునకు పట్టుగూళ్లు తెచ్చువాడు, ధర్మవరమున మగ్గముపై కూర్చున్నవాడు, చీరలు మూటగట్టి దూరపు బజారులు వెదకు వర్తకుడు, వీరందఱును ఆ దారమునకే కట్టుబడినవారు. అట్టి వర్తకుడొకడు అమెరికాలోని తెలుగువారి దుకాణములకు నమూనాలు చూపి ఆర్డర్లు తెచ్చుకొనదలచి వ్యాపార సందర్శక వీసా కోరెననుకొందము. హైదరాబాదు కాన్సులేటులో కొన్ని నిమిషములు ప్రశ్నలడిగి, వీసా లేదనిరి. అతడు మరల దరఖాస్తు పెట్టవచ్చునా? పెట్టినచో ఏమని వ్రాయవలెను? చూచుటకిది చట్టపు ప్రశ్న. కాయకమును కైలాసమని నమ్మినవారికి మాత్రము ఆచారపు ప్రశ్న.

చట్టము చెప్పునది కొంచెమే. ఆ దేశపు 1952 నాటి వలస చట్టములోని 214(బి) సెక్షను సందర్శక వీసా అడుగువానిని అచటనే స్థిరపడ గోరువానిగా ముందే తలచును. కాదని చూపు భారము అతనిదే. ఇట్టి తిరస్కరణపై అప్పీలు లేదు; మరల అడుగుటకు నిషేధమును లేదు. రుసుము మాత్రము మరల కట్టవలెను. 2023 జూన్‌లో దానిని 160 డాలర్ల నుండి 185 డాలర్లకు పెంచిరి. ఒక చిన్న నేతకుటుంబమునకు ఆ సొమ్ము తక్కువదేమియు కాదు.

కొత్త దరఖాస్తులో ఒక ప్రశ్న కలదు: మునుపెన్నడైన మీకు వీసా నిరాకరింపబడినదా? ఇచటనే మధ్యవర్తి ప్రవేశించును. "లేదని వ్రాయుము. అప్పు తెచ్చి పది దినములు బ్యాంకులో నిలుపుము. వ్యాపారమని చెప్పక బంధువుల యింట పెండ్లియని చెప్పుము" అని బోధించును. ఫారము అతడే నింపినను సంతకము వర్తకునిది. అందలి ప్రతి మాటకును బాధ్యుడు వర్తకుడే.

వర్తకుని మనోవ్యథను తేలికగా త్రోసివేయరాదు. "నేను తిరిగివత్తునని నిజమే చెప్పితిని, నమ్మలేదు. నన్ను ముందే శంకించినవానికి నేనేల నిజము చెప్పవలెను?" అని అతడడుగును. ఈ ప్రశ్నలో బలమున్నది. సముద్రమున కావలి దేశము మన పల్లెవాని మాటను కొన్ని నిమిషములలో తూచుట న్యాయమని నేననను. కాని ఆ అధికారి నమ్మినను నమ్మకున్నను ఆ మాట పలికిన నోరు మనది. ఆ నోటితోనే ఇంటికి వచ్చి ఇష్టలింగము నెదుట పంచాక్షరి జపింతుము. ఎదుటివాని గౌరవమునుబట్టి సత్యమును కొలిచి యిచ్చుట బేరము.

ఆయ్దక్కి మారయ్య కథ మన యిండ్లలో అందఱెఱిగినదే. కల్యాణమున రాలిన బియ్యపు గింజలేరి తెచ్చుట అతని కాయకము. ఒకనాడతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ అధికమైన దానిని తిరిగి పోసి రమ్మనెను. ఎవరైన చూతురేమోయని ఆమె భయపడలేదు. అది తమది కాదన్నదే ఆమె మాట. పది దినములకై ఖాతాలో నిలిపిన అప్పుసొమ్ము అట్టి అధికపు గింజయే. తెలిసి చెప్పిన అబద్ధము బయటపడినచో ఆ దేశపు తలుపు జీవితాంతము మూతపడవచ్చునన్న మాటయు నిజమే. అయితే ఆ భయమొక్కటే మనలను నిలుపుచున్నచో, లక్కమ్మ యింటి గడప మన కింకను దూరమే.

మొదటి దరఖాస్తులో నిజమును సరిగా చెప్పలేకపోవుట వేఱు, చెప్పినదే నిజము కాకపోవుట వేఱు. తడబడి లెక్కలు చూపనివాడు రెండవమారు జి.ఎస్.టి. రిటర్నులు, నేతగాండ్ర కూలి పుస్తకము, కొనువారి ఉత్తరములు చక్కగా పేర్చుకొని పోవచ్చును. అందు దోషము లేదు. కాని అచటికి పోయి దుకాణమున జీతమునకు కూర్చుందమని లోపల తలంపున్నచో ఎన్ని కాగితములు పేర్చినను పని తప్పే. ఆర్డర్లు తీసికొనుట, బేరమాడుట, సభలకు పోవుట ఆ వీసాకు చెల్లును. జీతపు పని చెల్లదు. ఈ గీత పెద్దలకును వర్తించును. సందర్శక వీసాలపై మనుషులను పంపి అచట పని చేయించిరన్న ఆరోపణ వచ్చినప్పుడు, బెంగుళూరు ఇన్ఫోసిస్ సంస్థ దానిని నిరాకరించుచునే 2013 అక్టోబరులో 3 కోట్ల 40 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడినది.

నిజము వ్రాసినవానికి రెండవమారు వీసా వచ్చునని నేను హామీ యీయలేను. రాకపోవచ్చును. అప్పుడు నమూనాలు పార్సెలులో పోవును. కొనదలచినవాడు ధర్మవరమునకే వచ్చును. లేదా ఆ బేరము తప్పిపోవును. ఆ నష్టము మగ్గముపై కూర్చున్నవాని కూలివఱకు దిగును గనుక దానిని చిన్నదనుట తగదు. దేవర దాసిమయ్య నేతపనివాడే; నూలు తెగుట యననేమో ఆయన కెఱుకయే.

ఇట్టి వేళ మఠములవారిని సైతము ఆధారపత్రము అడుగుట కలదు. ఇతడు మా భక్తుడు, ఇన్నేండ్లుగా ఎఱుగుదుము, ఇచట ఇల్లు మగ్గము కలవు అని తెలిసినంతవఱకు వ్రాయుడు. తప్పక తిరిగివచ్చునని మాత్రము, ఆ మాట అతని నోట విని, అతని కన్నులలోకి చూచిన పిదపనే వ్రాయుడు.