‘నాకొద్దులే’ అనే పొదుపు

రాబడి తగ్గితే ఖర్చు తగ్గించుకోవాలి. ఈ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. పాతిక వేలు వచ్చే ఇంట్లో నలభై వేలు ఖర్చయితే ఆ తేడా ఎక్కడో అప్పుగా పేరుకుంటుంది, అప్పు వడ్డీని కంటుంది. అయితే లెక్క చెప్పేది అంతవరకే. ఎంత తగ్గించాలో చెప్తుంది గానీ ఎవరిది తగ్గించాలో చెప్పదు. ఆ రెండో ప్రశ్న న్యాయానికి సంబంధించింది. మన ఇళ్ళలో అది ప్రశ్నగా బయటికే రాదు. ఎవరూ అడగకముందే జవాబు దొరికిపోతుంది. ఆ జవాబు అంత తేలిగ్గా ఎలా దొరుకుతోంది? అది న్యాయమైనదేనా?

ఒక అనుభవం చెప్తాను. 2020లో లాక్‌డౌన్ మొదలైన రెండు నెలలకి మా ఇంటి రాబడి సగానికంటే కిందికి పడిపోయింది. నా సహచరుడు పనిచేసే ప్రైవేటు కాలేజీ సగం జీతమే ఇచ్చింది. గంటల లెక్కన పాఠాలు చెప్పే నాకు క్లాసులే లేవు కాబట్టి ఏమీ రాలేదు. అప్పుడు ఇంట్లో అందరం కూర్చుని ఒక కాగితం మీద ఖర్చులు రాసుకున్నాం. చాలా ఇళ్ళలో ఆ కూర్చోవడం కూడా ఉండదు కనక మాది కాస్త ప్రజాస్వామికమైన ఇల్లనే చెప్పాలి. నా సహచరుడు “పెట్రోలు ఖర్చు తగ్గిద్దాం, కరెంటు తగ్గిద్దాం” అన్నాడు. ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి “టీవీ ప్యాకేజీ చిన్నది పెట్టుకుందాం” అన్నాడు. అత్తయ్య మాత్రం “నా మోకాళ్ళ మాత్రలు మానేస్తానులే, వాటితో పెద్ద గుణం కనిపించట్లేదు” అంది. ఇంటర్ చదివే అమ్మాయి “నాకు డ్రాయింగ్ క్లాసు వద్దులే అమ్మా, తెరిచాక కూడా వెళ్ళను” అంది. నేను నా థైరాయిడ్ పరీక్షని, మార్చుకోవాల్సిన కళ్ళద్దాలని, రెండు పత్రికల చందాని కొట్టేశాను.

ఆ కాగితాన్ని తర్వాత చూస్తే మా మాటల వ్యాకరణం కనిపించింది. మగవాళ్ళిద్దరూ ‘తగ్గిద్దాం’ అన్నారు. ఆడవాళ్ళం ముగ్గురం ‘నాకొద్దులే’ అన్నాం. వాళ్ళ మాటలో తగ్గేది ఇల్లు, మా మాటలో తగ్గేది మనిషి. మా ఇంట్లో మగవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. “మాత్రలు మానడమేంటమ్మా” అని ఆయన వెంటనే అడ్డు చెప్పాడు కూడా. కానీ ఆ అడ్డు చెప్పేదాకా, డెబ్భై ఏళ్ళ మనిషికీ పదహారేళ్ళ పిల్లకీ ఒకే మాట ఒకేలా ఎలా వచ్చింది? ఎవరు నేర్పారు?

“ఎవరూ బలవంతం చేయలేదు కదా, ఇష్టపడే వదులుకున్నారు కదా” అనే వాదన ఇక్కడ ముందుకొస్తుంది. గట్టి వాదనే. ప్రేమ ఉన్నచోట కొంత వదులుకోవడం ఉంటుంది, దాన్నంతా అణచివేత అనేస్తే మనుషుల మధ్య మమతకి చోటుండదు. కుటుంబాన్ని గురించి ఆలోచించిన ఆర్థికవేత్తల్లో గ్యారీ బెకర్ తన 1981 నాటి గ్రంథంలో ఇంచుమించు ఈ దారినే వెళ్ళాడు. అందరి మేలూ కోరే కుటుంబ పెద్ద ఒకరుంటే ఇల్లంతా ఒకే మనసున్న మనిషిలా నడుస్తుందని ఆ ఊహ. అమర్త్యసేన్ 1990లో అచ్చయిన వ్యాసంలో దీన్ని వేరుగా చూశాడు. ఇంట్లో సహకారమూ ఉంటుంది, సంఘర్షణా ఉంటుంది, రెండూ కలిసే ఉంటాయంటాడు. తన మేలు వేరు, ఇంటి మేలు వేరు అనే ఎరుక తక్కువగా ఉన్న మనిషికి ఆ బేరంలో తక్కువ వాటా దక్కుతుంది. ఆమెకి అన్యాయం జరిగినట్టు ఆమెకే అనిపించకపోవచ్చు. అనిపించనంత మాత్రాన అన్యాయం లేనట్టు కాదు.

ఇష్టాన్ని పరీక్షించడానికి నాకు తోచిన కొలత ఒకటుంది. వదులుకోను అన్న మనిషికి ఏం జరుగుతుంది? నా సహచరుడు “పెట్రోలు తగ్గించడం కుదరదు” అంటే అతని మంచితనానికేమీ లోటు రాదు, పనిమీద తిరిగేవాడు కదా అంటారు. అత్తయ్య “నా మాత్రలు నాకు కావాలి” అంటే? నేను “నా పత్రిక ఆపను” అంటే? ‘ఇల్లు చూసి ఇల్లాలిని చూడు’ అనే సామెత ఊరికే పుట్టలేదు. ఇల్లు గడవకపోతే తప్పు పడేది ఇల్లాలి మీదే. కాదంటే చెడ్డదైపోయే మనిషి చెప్పే ఔను, కాదన్నా మంచివాడిగానే మిగిలే మనిషి చెప్పే ఔను ఒకటి కావు. మొదటిదాన్ని త్యాగమని పొగడడం తేలిక. ఆ పొగడ్త కోసమే మరోసారి అదే మాట అంటాం.

మరో సంగతి. డబ్బులో తగ్గిన ఖర్చు చాలాసార్లు తగ్గదు, చాకిరీగా మారుతుంది. దోసెల పిండి ప్యాకెట్ మానేస్తే పప్పు నానబెట్టి రుబ్బేదెవరు? ఆటో మానేస్తే కూరల సంచీ మోసుకుంటూ నడిచేదెవరు? చిరిగిన బట్టకి కుట్టు వేసేదీ, చవగ్గా దొరికే రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరేదీ ఎవరు? 2019లో దేశవ్యాప్తంగా జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనుల్లో పాల్గొనేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. అది మామూలు రోజుల లెక్క. చేతిలో డబ్బు లేని రోజుల్లో ఆ 299 ఎంతవుతుందో మనకి ఒంటితో తెలుసు. ‘నెలకి మూడు వేలు మిగిల్చాం’ అని ఇంటి పద్దులో రాసుకుంటాం. ఆ మూడు వేలకి ఎన్ని గంటలు పోశామో రాసుకునే గడి ఆ పద్దుపుస్తకంలో ఉండదు.

ఒంట్లో రాసి ఉండే లెక్క ఇంకొకటి ఉంది. పెరుగు మజ్జిగవుతుంది, మజ్జిగ పలచనవుతుంది, ఆ పలచటి మజ్జిగ చివర్లో కూర్చునే మనిషి కంచంలోకి వస్తుంది. కూరలో ముక్కలైపోయి పులుసు మిగిలేదీ ఆమెకే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో నూటికి 57 మందికి, అదే వయసు మగవాళ్ళలో నూటికి 25 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నెలసరి, కాన్పులు కూడా ఇందుకు కారణాలే. కానీ రక్తం పోయే ఒంటికి తిండి ఎక్కువ కావాలన్నది మామూలు తెలివి. మనం సరిగ్గా దానికి ఎదురు చేస్తున్నాం.

ఈ మాటల దగ్గరే ఆగిపోతే నా వాదన సగమే అవుతుంది. ఆ కాగితం మీద రాయబోయి మేం చాలాసేపు ఆగిన పద్దు ఒకటుంది. ఇంటిపనికి వచ్చే ఆమె జీతం. ‘ఎలాగూ రావట్లేదు కదా, ఇప్పటికి ఆపేద్దాం’ అన్న మాట అప్పట్లో దాదాపు ప్రతి మధ్యతరగతి ఇంట్లోనూ వినిపించింది. ఆమె అక్కడ కూర్చుని లేదు. ‘నాకొద్దులే’ అనే వీలు కూడా ఆమెకి లేదు, ఆమె తరఫున మనమే అనేస్తాం. మన ఖర్చు తగ్గడమంటే ఆమె రాబడి తగ్గడమే. అప్పుడు ఆమె ఇంట్లో ఇలాంటి కాగితమే ఒకటి, రాయకుండానే, తయారవుతుంది. అందులో మొదట కొట్టివేతకి గురయ్యేది ఆమె తిండో, ఆమె కూతురి చదువో. ఇంట్లో మనకి జరిగేదాన్ని అన్యాయమని పిలిచి, మన గడప దగ్గర మనం చేసేదాన్ని పొదుపని పిలవడం కుదరదు. మా ఇంట్లో చర్చ జరిగి ఆ జీతాన్ని ఖర్చుల కింద కాక, బ్యాంకు వాయిదాతో పాటు బాకీల కింద రాశాం. ఖర్చయితే తగ్గించొచ్చు, బాకీ అయితే తీర్చాలి. ఆ తేడా ఒప్పుకుంటే కొట్టివేయడానికి వేరే పద్దులు వెతుక్కోవాల్సి వస్తుంది. వెతికితే దొరికాయి కూడా.

మన రాష్ట్ర స్త్రీల చరిత్రలో ఈ ప్రశ్నని వీధిలోకి తెచ్చి అడిగిన సందర్భం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేకోద్యమాన్ని మద్యం మీద పోరాటంగా గుర్తుపెట్టుకుంటాం. అది ఇంటి బడ్జెట్ మీద పోరాటం కూడా. కూలి డబ్బు ఇల్లు చేరకపోతే గంజి పలచన చేసుకోవడం మానేసి, ‘తగ్గాల్సింది సారా’ అన్నారు వాళ్ళు. ‘నాకొద్దులే’ అనాల్సిన చోట ‘నీకొద్దు’ అన్నారు. 1993లో సారా మీద, 1995లో మద్యం మొత్తం మీద నిషేధం వచ్చింది. 1997కల్లా మద్యనిషేధాన్ని సడలించేశారు. నిలిచింది మాత్రం అదే కాలంలో మొదలైన పొదుపు సంఘాలు. వాటివల్ల ఆడవాళ్ళకి తమ పేరుమీద బ్యాంకు ఖాతా వచ్చింది, గుమ్మం దాటి నలుగురిలో మాట్లాడే చోటు దొరికింది. దాన్ని తక్కువ చేయను. అయినా ఒక మాట ఆలోచించాలి. ‘ఆయన ఖర్చు తగ్గించండి’ అని అడిగిన స్త్రీలకి చివరికి మిగిలిన జవాబు ‘నువ్వు రూపాయి రూపాయి దాచుకో’ అన్నది.

పొదుపు చెడ్డదని నేననను. పోపుల డబ్బాలో అమ్మ దాచిన నోట్లే ఎందరి పరీక్ష ఫీజులో అయ్యాయి. అందులో నేర్పుంది, ముందుచూపుంది, లెక్క అడగని డబ్బు ఇచ్చే కాస్త స్వేచ్ఛ ఉంది. నా అభ్యంతరమల్లా ఆ నేర్పుని ఒక్క మనిషి ఒంటికీ సమయానికీ కట్టేయడం మీదే. అందుకే తగ్గించుకోక తప్పనప్పుడు కొన్ని నియమాలు అవసరమనుకుంటాను. మందులూ వైద్య పరీక్షలూ ఎవరివైనా కొట్టివేత పట్టికలోకి రాకూడదు. డబ్బు మిగిల్చే ప్రతి పనికీ పక్కనే అది ఎవరు, ఎన్ని గంటలు చేస్తారో రాయాలి, ఆ గంటలు పంచుకోవాలి. మనకంటే తక్కువ ఉన్నవాళ్ళ జీతం చివరిదాకా ముట్టుకోకూడదు. ఒకరి అవసరాన్ని మరొకరు ‘సరదా’ అని పేరు మార్చకూడదు. బొమ్మలు వేయడం, చదవడం, రాయడం బియ్యం లాంటివి కాకపోవచ్చు. కానీ వాటిని కోల్పోయిన మనిషి ఎంత తగ్గిపోతుందో ఈ పత్రిక చదివే మనకి ఒకరు చెప్పాలా?

ఇవన్నీ పాటించినా డబ్బు సరిపోకపోవచ్చు. లేమి లేమే. అది అందరికీ కనబడేలా ఉండడం న్యాయానికి మొదటి మెట్టు. ఒకరు చప్పుడు చేయకుండా దాన్ని మింగేస్తుంటే మిగతావాళ్ళకి ఇల్లు గడుస్తున్నట్టే ఉంటుంది. జీతం సగం చేసిన యాజమాన్యం మీద రావాల్సిన కోపం కూడా అలాగే వంటింట్లో ఆరిపోతుంది. కాబట్టి మన ఇంట్లో ఏ ఆడపిల్లైనా ‘నాకొద్దులే’ అన్నప్పుడు మెచ్చుకునే ముందు, ‘ఎందుకొద్దు?’ అని అడుగుదాం. జవాబు వచ్చేదాకా ఆ పద్దు కొట్టివేయకుండా ఉంచుదాం.