ఆ గడి ఖాళీగానే ఉండనీ బిడ్డా

ఏం బిడ్డా, వంశవృక్షం రాస్తున్నావు కదా. మంచి పని. మా తరం చేయాల్సింది, చేయలేకపోయాం. కానీ నిన్న నువ్వు చూపించిన కాగితంలో మీ ముత్తవ్వ పేరు మల్లమ్మ అని ఉంది. ఎవరు చెప్పారంటే, "అదే అయ్యుంటుంది కదా" అన్నావు. అక్కడే నాకు మనసొప్పలేదు.

మన బీదర్ సంగతి నీకు తెలియంది కాదు. ఖానాపూర్ మైలార్ మల్లన్నకు మొక్కినోళ్లింట్లో మల్లమ్మలు, ఝరణీ నరసింహుడికి మొక్కినోళ్లింట్లో నరసమ్మలు. పైగా మనవరాలికి అవ్వ పేరే పెట్టుకుంటారాయె. అందుకే నువ్వు ఊహించి రాసిన మల్లమ్మ ఏ ఇంట్లోనైనా ఇట్టే అతుకుతుంది. నా భయమంతా అదే. రేపు నీ తమ్ముడు నీది చూసి రాసుకుంటాడు, వాడిది చూసి ఇంకొకరు. నలుగురు రాశాక అదే నిజమైపోతుంది. ఆ తర్వాత అసలు పేరు వెతికేదెవరు?

తెలియకపోతే తెలియదని రాయి. పేరు తెలియదు, ఫలానాయన భార్య, ఫలానా ఊరి ఆడపడుచు, ఇంతమంది పిల్లల తల్లి. ఇంత రాస్తే ఆమె ఆనవాలు నిలుస్తుంది. పుట్టిల్లు మాత్రం మరిచిపోకు. మన వైపు చాలా ఇళ్లల్లో కొత్త కోడలికి కొత్త పేరు పెట్టేవాళ్లు. ఇక్కడ ఎవరికీ గుర్తులేని పేరు అక్కడ ఏ ముసలమ్మ నోటనో ఉండొచ్చు. రెండు పేర్లు దొరికితే రెండూ రాయి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన రాయి.

1956 నవంబరు 1న మైసూరులో కలిసేదాకా మనం హైదరాబాద్ రాష్ట్రం వాళ్లం. అందుకే పాత కాగితాలు తీస్తే ఉర్దూ ఉంటుంది. ఆ రాతలో మామూలుగా పొట్టి అచ్చుల గుర్తులు పెట్టరు. ఒకే పేరును ఒకాయన ఒకలా, ఇంకొకాయన ఇంకోలా చదువుతాడు. నీకు నచ్చినదాన్ని ఖాయం చేసేయకు, ఇద్దరి మాటా రాసి ప్రశ్నార్థకం పెట్టు. ఏడాది పాత ఫసలీ లెక్కలో ఉంటే, ఇంగ్లీషు ఏడాది తెలియడానికి నెలను బట్టి 590 గానీ 591 గానీ కలుపుకో. ఫసలీ అంకెను మాత్రం కొట్టేయకు.

తెలియదని రాస్తే పెద్దలను చిన్నబుచ్చినట్టని అనుకుంటున్నావేమో. కాదు బిడ్డా. పితరుల పేర్లు తెలియనప్పుడు భూమ్మీద ఉండేవాళ్లు, అంతరిక్షంలో ఉండేవాళ్లు, దివిలో ఉండేవాళ్లు అని పిలిచి పిండం పెట్టమన్నాడు ఆపస్తంబుడు. పేరు కల్పించమనలేదు, పిండం మానేయమనీ అనలేదు. నీ కాగితంలోనూ అంతే. ఆమె చోటు ఆమెకు ఉంచు, లేని పేరు అంటగట్టకు.

ఎద్దెక్కి వచ్చి ఇంటి ముందు వంశం చదివే హెళవలను నువ్వు చూశావో లేదో. తెలుగు వైపు ఆ పని వంశరాజులది. తరాల పేర్లు వాళ్ల నోట్లో ఉండేవి, పుస్తకాల్లో ఉండేవి. ఎవరైనా కనబడితే కూర్చోబెట్టి అడుగు, ఊరికే పంపకు.

ముందు భాల్కీలో మీ మేనత్త దగ్గరికి వెళ్లు. వచ్చే పండక్కి చూద్దాంలే అనకు, ఆమె వయసు నీకు తెలుసు. పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నమైతే మాట తడబడుతుంది. "మల్లమ్మేనా అత్తా?" అని మాత్రం అడగకు, నీ మీద ప్రేమకొద్దీ ఔననేస్తుంది. "మా ముత్తవ్వను ఏమని పిలిచేవాళ్లత్తా?" అని అడిగి, ఊరుకుని విను. పెన్సిలు పట్టుకెళ్లు.