జోలపాట అబద్ధమా?

తాను కాపాడలేని బిడ్డకు తల్లి జోలపాట పాడుట మోసమగునా?

ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున 16వ శతాబ్దమునాటికే దర్జీలు మొదలగు పనివారు క్రీస్తు జనన నాటకమును వీధులలో ప్రదర్శించుచుండిరి. అందు బేత్లెహేము తల్లులు తమ పసివారికి లాలి పాడుదురు. హేరోదు ఆగ్రహము (మత్తయి 2:16) తల్లులకు తెలియును, బిడ్డలకు తెలియదు. నాటకము ఆగిపోయినను ఆ లాలిపాట నిలిచినది. 1940 నవంబరు 14 రాత్రి జర్మను బాంబులు ఆ పట్టణపు కెథీడ్రల్‌ను శిథిలము చేసెను. ఆ క్రిస్మస్‌నాడు ఆ శిథిలములనుండియే ఆ పాట రేడియోలో లోకమునకు వినబడెను.

ఆ పాటలో విజయధ్వని లేదు. ఆపద తప్పునన్న అభయమును లేదు. అయినను దుఃఖితుల నది ఏల ఆదరించుచున్నది?

జోలపాట క్షేమమునకు పూచీ కాదు, తోడునకు పూచీ. జ్వరపడిన బిడ్డను రాత్రియంతయు జోకొట్టు తల్లి వైద్యము నెరుగదు. బిడ్డకు పాట అర్థము తెలియదు. అమ్మ యున్నదని మాత్రము తెలియును. విడిచిపోని తల్లి నోట ‘నేనున్నాను’ అనుమాట అబద్ధము కానేరదు.

నాడు ఐగుప్తునకు కొనిపోబడి బ్రదికిన శిశువు పెద్దవాడై సిలువను తప్పించుకొనలేదు. బాధపడువారి ప్రక్కనే నిలిచెను. ఇమ్మానుయేలు అను నామమునకు అర్థమదియే గదా!